కుక్కకు కడుపు కోత – లోపలి అతుకుల నివారణ: ఒక విమర్శ

కుక్క ఒక రాయినో, మొక్కజొన్న కండెనో, గుడ్డపీలికనో మింగుతుంది. అది పేగులో అడ్డం పడుతుంది. పశువైద్యుడు కడుపు కోసి, పేగు చీల్చి, ఆ వస్తువును బయటకు తీసి తిరిగి కుట్టివేస్తాడు. పది పన్నెండు దినాలలో పైగాయం మానుతుంది, కుట్లు విప్పుతారు, యజమాని సంతోషిస్తాడు. కాని లోపలి గాయం ఏ విధంగా మానినదో పైకి కనిపించదు. ఒక పేగుచుట్ట పక్క చుట్టకు గాని, కడుపు గోడకు గాని అంటుకొని ఉండవచ్చును. సహజంగా విడివిడిగా ఉండవలసిన భాగాలు గాయం మానే సందర్భంలో నారవంటి కణజాలంతో కలిసిపోవటాన్ని వైద్యులు అడ్హీషన్ అంటారు. ఈ వ్యాసంలో దానిని ‘అతుకు’ అనే తేలిక మాటతోనే వ్యవహరించటం జరిగినది.

అతుకు అన్నిసార్లూ బాధించదు. కాని బాధించినప్పుడు అది చిన్న బాధ కాదు. అతుకు తాడువలె బిగిస్తే పేగు మూసుకొనిపోతుంది. దానిని విడిపించటానికి మళ్లీ కడుపు కోయవలెను. ఆ కోత మరికొన్ని అతుకులకు కారణం కావచ్చును. మనుషులలో దీని విస్తృతిని 1990లో మెంజీస్, ఎలిస్ అనే ఆంగ్ల వైద్యులు లెక్కించినారు. పూర్వం కడుపు కోత జరిగిన 210 మందికి మళ్లీ కోత అవసరమైనప్పుడు చూడగా, నూటికి 93 మందిలో అతుకులు ఉన్నవి. మొదటిసారి కోత జరిగిన 115 మందిలో నూటికి 10 మంది చొప్పున మాత్రమే కనిపించినవి. అనగా అతుకులకు ముఖ్యకారణం రోగం కాదు, శస్త్రచికిత్సయే.

ఇంతటి చిక్కుకు ఉపాయం వెదకనివారు లేరు. ద్రవాలు పోసినారు, జిగురులు పూసినారు, పొరలు పరచినారు. ప్రతి కొత్త పదార్థమూ అతుకులను ‘తగ్గించినది’ అనే కీర్తితోనే వచ్చినది. ఆ కీర్తిలో ఎంతవరకు సత్యమున్నది? ఏ జంతువులో చూసినారు, దేనిని లెక్కపెట్టినారు, ఎంతకాలం వేచి చూసినారు – ఈ మూడు ప్రశ్నలతో ఆ ప్రయోగాలను పరీక్షించటమే ఇక్కడి ఉద్దేశం.

పొర, దాని మరమ్మతు

ఉదరకుహరపు లోపలి గోడనూ, అందులోని అవయవాల వెలుపలి తలాన్నీ కప్పుతూ పలుచని పొర ఒకటి ఉన్నది. దానిని ఆంత్రవేష్టనం అంటారు. దాని పైతలంలో ఉన్నవి ఒకే వరుస కణాలు. అవి తడిగా, నునుపుగా ఉండటం వలననే పేగులు ఒకదానిపై ఒకటి జారుతూ ఎడతెగక కదలగలుగుతున్నవి. ఈ కణాల వరుస మిక్కిలి సుకుమారమైనది. పొడి గుడ్డతో తుడిచినా, దీపాల వేడికి ఆరిపోయినా, పట్టకారుతో గట్టిగా నొక్కినా అది ఊడిపోతుంది.

ఊడిన చోట వాపు మొదలవుతుంది. సన్నని రక్తనాళాలనుండి ఫైబ్రినోజెన్ అనే ప్రోటీను గల ద్రవం ఊరుతుంది. కొద్ది గంటలలోనే అది ఫైబ్రిన్‌గా మారి, జిగురు వల వలె ఎదురుబొదురు తలాలను పట్టుకొంటుంది. చర్మంపై గాయమైనప్పుడు రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ ఇదే. ఇంతవరకు జరిగినది హాని కాదు, మరమ్మతులో మొదటి మెట్టు మాత్రమే.

ఆ తరువాత రెండు దారులు ఉన్నవి. ఆరోగ్యంగా ఉన్న ఆంత్రవేష్టన కణాలు ఒక ప్రేరక పదార్థాన్ని విడుదల చేస్తవి. రక్తద్రవంలో నిద్రాణంగా ఉండే ప్లాస్మినోజెన్‌ను అది ప్లాస్మిన్ అనే ఎంజైముగా మారుస్తుంది. ప్లాస్మిన్ ఫైబ్రిన్ వలను కరిగించివేస్తుంది. మూడు దినాలలోపల ఈ కరిగింపు పూర్తి అయితే తలాలు విడిపోతవి, అతుకు మిగలదు. కరిగింపు మందగిస్తే, ఆ వలను పందిరిగా చేసుకొని తంతుకణాలు పాకుతవి. అవి కొల్లాజెన్ నారను నేస్తవి. వెనుకనే రక్తనాళాలు ప్రవేశిస్తవి. జిగురుగా ఉన్నది నార అవుతుంది. నార తాడు అవుతుంది. తాత్కాలికమైన కట్టు ఆ జంతువు బతికినన్నాళ్లూ మిగిలే అతుకుగా మారుతుంది.

ఇక్కడ ఒక విశేషాన్ని విద్యార్థులు గుర్తుంచుకోవలెను. చర్మపు గాయం చెరువు ఎండినట్లుగా అంచులనుండి లోపలికి మానుతుంది. పెద్ద గాయానికి ఎక్కువ కాలం పడుతుంది. ఆంత్రవేష్టనపు గాయం నారుమడి మొలకెత్తినట్లుగా అంతటా ఒక్కసారే మానుతుంది. పెద్దదైనా చిన్నదైనా ఇంచుమించు అదే వ్యవధి, సుమారు ఒక వారం. అమెరికా శస్త్రవైద్యుడు ఆర్థర్ హెర్ట్‌జ్లర్ 1919లోనే తన గ్రంథంలో ఈ విషయాన్ని వ్రాసినాడు. ఐనను శస్త్రవైద్యుల అలవాటుపై దాని ప్రభావం చాలకాలం కనిపించలేదు.

కుట్టవలెనా, వదలవలెనా?

ఆ అలవాటు ఏమిటి? పొర ఊడిన చోటు పచ్చిగా ఉంటుంది గనుక దానిని వదిలిపెట్టరాదు, అంచులు లాగి కుట్టి మూయవలెను అనే నియమం. వినటానికి ఇది సబబుగానే ఉన్నది. పచ్చి గోడకు పచ్చి గోడ అంటుకొంటుంది, కప్పివేస్తే అంటుకోదు. తరతరాల శస్త్రవైద్యులు దీనిని గురువులనుండి నేర్చి శిష్యులకు నేర్పినారు. సబబుగా ఉండటం వేరు, ఋజువు కావటం వేరు.

1950లో థామస్, రోడ్స్ అనేవారు ఎలుకలలోను, గినీపందులలోను పేగు పైపొరను కొంతమేర తొలగించి, దానిపై కుట్టి మూసినందువలన అతుకులు తగ్గుతవా అని చూసినారు. తగ్గలేదు. 1962లో లండనులో హెరాల్డ్ ఎలిస్ ఎలుకలపై మరింత విపులమైన ప్రయోగాలు ప్రకటించినాడు. కడుపు గోడ లోపలి పొరను తొలగించి కొన్నింటిలో పచ్చిగా వదిలినాడు, కొన్నింటిలో కుట్టి మూసినాడు. పచ్చిగా వదిలినవి అధికభాగం నునుపుగా మానినవి. కుట్టినవాటిలోనే అతుకులు ఎక్కువ. సంప్రదాయం చెప్పినదానికి ఇది సరిగా వ్యతిరేకం.

ఎలిస్ చెప్పిన కారణం ఇంకా గమనింపదగినది. కుట్టు బిగించినచోట కణజాలానికి రక్తం అందదు. రక్తం అందని కణజాలం చావుకు సిద్ధమై ఉంటుంది. అటువంటి చోటికి చుట్టుపక్కల అవయవాలనుండి అతుకు వచ్చి, తనతో రక్తనాళాలను తెస్తుంది. అనగా అతుకు నిష్కారణమైన పొరపాటు కాదు. ఆకలిగొన్న కణజాలానికి అన్నం తెచ్చే దారి. శస్త్రవైద్యుడు తన కుట్లతో ఆ ఆకలిని కల్పించి, తరువాత వచ్చిన అతుకును నిందిస్తున్నాడు!

ఈ ప్రయోగం గొప్పదనం దాని నిరాడంబరతలో ఉన్నది. ఖరీదైన మందు లేదు, కొత్త పరికరం లేదు. ఒకే రకపు గాయం, రెండు రకాల వ్యవహారం, ఫలితంలో తేడా. ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడా అర్థమయ్యే పోలిక ఇది. ఐతే దీని హద్దులు కూడా చెప్పవలెను. ఎలుకలో, చీము లేని శుభ్రమైన కడుపులో, ఒక చిన్న గాయం మీద కనిపించిన నియమం – పగిలిన పేగునుండి మలం చిమ్మిన కుక్క కడుపులో అంతే నిక్కచ్చిగా వర్తిస్తుందని చెప్పలేము. పచ్చి గాయానికి ఎదురుగా మరొక పచ్చి గాయం ఉన్నప్పుడు సంగతి వేరు. ఎలిస్ ప్రయోగాన్ని ‘పచ్చి గాయం ఎన్నడూ హాని చేయదు’ అని చదివితే అది పాత పిడివాదం స్థానంలో కొత్త పిడివాదం అవుతుంది.

రక్తలోపానికీ, అతుకుకూ మధ్య ఉన్న రసాయనిక లంకెను 1976లో బక్‌మన్, ఆయన సహచరులు చూపినారు. రక్తం అందని ఆంత్రవేష్టనం ప్లాస్మినోజెన్‌ను మేల్కొలిపే శక్తిని కోల్పోతుంది. కనుక అక్కడ ఫైబ్రిన్ కరగదు. పధ్నాలుగు సంవత్సరాల క్రితం కంటితో చూసిన నియమానికి ఎంజైముల భాషలో అర్థం దొరికినది. విజ్ఞానశాస్త్రంలో రెండు వేర్వేరు దారులు ఒకే చోట కలిసినప్పుడే నమ్మకం బలపడుతుంది.

ఆచరణలో దీని ఫలితం నేటి పశుశస్త్రచికిత్సలో కనిపిస్తున్నది. కుక్క కడుపును మూసేటప్పుడు బలమిచ్చేది నడిమధ్యనున్న తెల్లని నారపట్టీ, కండరాల వెలుపలి ఒర. వాటిని పట్టి కుడితే చాలును. ఆంత్రవేష్టనాన్ని వేరుగా కుట్టనవసరం లేదు. అది తనంత తానే మానుతుంది.

కుక్క ఇచ్చే సాక్ష్యం

ఇప్పుడు మొదటి ప్రశ్న: ఏ జంతువు? గుర్రానికి కడుపు కోస్తే అతుకుల భయం ఎక్కువ. ముఖ్యంగా పిల్లగుర్రాలలో అది పెద్ద బెడద. పశువులలోను, మనుషులలోను కూడా అతుకులు సులభంగా ఏర్పడతవి. కుక్కలలోను, పిల్లులలోను ఏర్పడినవి తరచుగా కరిగిపోతవి. అతుకుల వలన పేగు మూసుకొనటం వాటిలో అరుదు. కుక్కలో ఫైబ్రిన్‌ను కరిగించే ఏర్పాటు చురుకైనది కావటమే దీనికి కారణమని పశువైద్య గ్రంథాలు చెబుతున్నవి.

ఈ ఒక్క విషయం నుండి రెండు విమర్శలు పుడతవి. మందు ఇవ్వకపోయినా కుక్క తన అతుకులను తానే చాలవరకు కరిగించుకొంటుంది. అటువంటి జంతువులో మందు ఇచ్చిన తరువాత అతుకులు కనిపించకపోతే, ఆ ఘనత మందుదా, కుక్కదా? మందు ఇవ్వని కుక్కలను అదే విధంగా కోసి పక్కన పెట్టుకొని పోల్చనిదే జవాబు దొరకదు. ఇది మొదటిది.

ప్రయోగం చేసేవారికి ఫలితం స్పష్టంగా కనిపించవలెనంటే ముందు అతుకులు పుష్కలంగా పుట్టవలెను. మామూలు కోతతో పుట్టవు కనుక పేగును గీకటం, ఆరబెట్టటం, రక్తనాళాలను కట్టివేయటం వంటి మోటు గాయాలు చేస్తారు. అప్పుడు పరీక్షించినది ఆ మోటు గాయానికి మందు. మంచి శస్త్రవైద్యుడు జాగ్రత్తగా చేసిన కోతకు అది పనికివస్తుందా అన్నది అడగని ప్రశ్నగానే మిగులుతుంది. ఇది రెండవది. జంతువులపై ప్రయోగాలకు మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం హద్దులు పెట్టినది. ప్రశ్న సరిగా వేయని ప్రయోగంలో ఒక్క జంతువు బాధపడినా ఆ బాధ వృథాయే.

పోసిన మందులు, పరచిన పొరలు

నివారణోపాయాలన్నీ మూడు తర్కాలలో ఒకదానిపై ఆధారపడినవి: ఫైబ్రిన్ ఏర్పడకుండా చేయటం, ఏర్పడినదానిని కరిగించటం, లేదా అది కరిగేవరకు తలాలను దూరంగా ఉంచటం.

మొదటి తర్కానికి ఉదాహరణ హెపారిన్. దీని పుట్టుకతోనే కుక్కకు సంబంధమున్నది. 1916లో అమెరికాలో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి కుక్క కాలేయంనుండి తీసిన పదార్థంలో రక్తం గడ్డకట్టనీయని గుణాన్ని చూసినాడు. ఫైబ్రినే లేకపోతే అతుకే లేదు గదా అని దీనిని అతుకుల నివారణకు ప్రయత్నించినారు. కాని కుట్టిన పేగును మొదటి గంటలలో కాపాడేది కూడా ఆ ఫైబ్రినే; తెగిన రక్తనాళాన్ని మూసేదీ అదే. అతుకును ఆపగల మోతాదు రక్తస్రావాన్ని కూడా తేగలదు. తర్కం సరియైనదే, అది ఉన్నది ఒక్క అతుకు మీదనే దృష్టి. కరిగించే ఎంజైములకు కూడా ఇదే అభ్యంతరం వర్తిస్తుంది.

మూడవ తర్కం ఎక్కువ నిలిచినది. హయలురోనిక్ ఆమ్లం, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ కలిపి చేసిన పలుచని పొర సెప్రాఫిల్మ్. గాయం మీద పరిస్తే అది జిగురుగా మారి, వారం దినాలపాటు తలాలను వేరుగా ఉంచి, తరువాత శరీరంలో కలిసిపోతుంది. అమెరికాలో దీనికి 1996లో అనుమతి లభించినది. ఆ సంవత్సరమే బెకర్, ఆయన సహచరులు ప్రకటించిన పరీక్ష మనుషులపై జరిగినది. ఐనను కుక్కలకు గాని మరి దేనికి గాని మందును పరీక్షించే పద్ధతి నేర్చుకొనేవారికి అది మంచి పాఠం.

ఆ పరీక్షలో పెద్దపేగు తొలగించవలసిన 183 మందిని చేర్చుకొన్నారు. చీట్లు వేసినట్లుగా కొందరికి నడికోత కింద పొర పరచినారు, కొందరికి పరచలేదు. ఈ రోగులకు ఎనిమిదినుండి పన్నెండు వారాల తరువాత రెండవ శస్త్రచికిత్స ఎటూ చేయవలసి ఉన్నది. అప్పుడు లోపలికి దర్శిని పంపి చూసినారు. ఎవరికి పొర వేసినారో తెలియని వ్యక్తి ఆ చిత్రాలను చూసి తీర్పు చెప్పినాడు. అతుకులు బొత్తిగా లేనివారు పొర వేసినవారిలో నూటికి 51, వేయనివారిలో నూటికి 6. మందు ఇచ్చిన చేతులే ఫలితాన్ని కొలవరాదు అనే నియమాన్ని ఇంత చక్కగా పాటించిన పరీక్షను మెచ్చుకొనవలసినదే.

కాని లెక్కపెట్టినది దేనిని? పొర పరచిన చోటి అతుకులను. రోగిని ఆసుపత్రికి తెచ్చేది కోత కింది అతుకు మాత్రమే కాదు. పేగుల నడుమ ఎక్కడో దాగిన ఒక్క తాడు చాలును. ఈ కొరతను పూరించినది 2006లో ఫాజియో, ఆయన సహచరులు ప్రకటించిన పరీక్ష. 1,700కు పైగా రోగులు. సగటున మూడున్నర సంవత్సరాల పరిశీలన. ఇక్కడ లెక్కపెట్టినది అతుకులను కాదు, పేగు మూసుకొనిపోవటాన్ని. మొత్తం మీద ఆ సంఖ్యలో రెండు గుంపులకు తేడా లేదు. అతుకు వలన పేగు మూసుకొని మళ్లీ కోత అవసరమైనవారు మాత్రం పొర వేయనివారిలో నూటికి 3.4 ఉండగా, వేసినవారిలో 1.8కి తగ్గినారు.

ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడవలెను. మొదటిదానిలో తేడా 6కు 51, రెండవదానిలో 3.4కు 1.8. రెండూ నిజమే. రెండవ తేడా కూడా తీసివేయదగినది కాదు. మళ్లీ కత్తికి గురికాకుండా తప్పించుకొన్నవారు అందులో ఉన్నారు. కాని మొదటి సంఖ్యను చూసి పెంచుకొన్న ఆశ రెండవ సంఖ్యకు చేరేసరికి ఎంత చిన్నదైనది! పైగా అప్పుడే కుట్టిన పేగు కుట్టుకు చుట్టూ ఈ పొరను చుడితే ఆ కుట్టు కారే ప్రమాదం పెరిగినట్లు 2003లో బయటపడినది. దగ్గరకు రావలసినవాటిని కూడా దూరంగా ఉంచటమే దీనికి కారణమై ఉండవచ్చును.

ఇంకొక పదార్థం కథ ఇంతకంటె కఠినమైనది. ఇనుము చేర్చిన హయలురోనిక్ ఆమ్లపు జిగురు ఇంటర్‌జెల్ అనే పేరుతో 2001లో అమెరికాలో అనుమతి పొందినది. శస్త్రచికిత్స తరువాత నొప్పి, పరాయి వస్తువుపై శరీరం చూపే ప్రతిక్రియ, చివరకు అతుకులు కూడా కనిపించినందున 2003లో దానిని తయారుచేసినవారే విపణినుండి వెనుకకు తీసుకొన్నారు. అతుకులను నివారించటానికి పోసినదే అతుకులతో పాటు నిందితస్థానంలో నిలిచినది.

అతుకు శత్రువేనా?

ఇంతవరకు చెప్పిన పరీక్షలన్నీ ‘అతుకు లేకుండటమే మంచిది’ అనే ఊహపై నిలిచినవి. కుక్కల శస్త్రచికిత్స ఆ ఊహనే ప్రశ్నిస్తుంది.

కుక్క కడుపు తెరవగానే మొదట కనిపించేది వప. అది పేగులపై పరచిన, కొవ్వు చారలు గల సన్నని జల్లెడ వస్త్రం వంటిది. ఎక్కడ గాయమున్నా, చీము ఉన్నా అది అక్కడికి చేరి అంటుకొంటుంది; రక్తాన్నీ, రక్షణకణాలనూ తెస్తుంది. పేగు కుట్టిన తరువాత పశువైద్యులు బుద్ధిపూర్వకంగానే వపను ఆ కుట్టుపై కప్పుతారు. 1995లో వైట్, విలియమ్స్ అనే పశువైద్యులు మగకుక్కలలో పౌరుషగ్రంథికి పట్టిన చీముగడ్డ లోపలికి వపను చొప్పించి నయంచేసే పద్ధతిని ప్రకటించినారు. ఇదంతా అతుకుతో చేసే వైద్యమే.

ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ ఇంకొకటి ఉన్నది. గ్రేట్‌డేన్ వంటి లోతైన ఎదగల పెద్ద జాతి కుక్కలలో జీర్ణాశయం వాయువుతో ఉబ్బి, మెలితిరిగిపోతుంది. కొద్ది గంటలలో చికిత్స జరగకపోతే కుక్క చనిపోతుంది. మెలిక విప్పి అంతటితో వదిలివేస్తే సగానికి పైగా కుక్కలలో అది మళ్లీ వస్తుంది. అందుచేత జీర్ణాశయాన్ని కుడివైపు కడుపు గోడకు శాశ్వతంగా అతికిస్తారు. ఎట్లా? నునుపైన తలాలను ఊరక కలిపి కుడితే కుట్టుదారం కరిగిన తరువాత అవి విడిపోవచ్చును. కాబట్టి గోడపైన కండరం కనపడేవరకు ఒక గాటు, జీర్ణాశయపు పైపొరలలో ఒక గాటు పెట్టి, పచ్చి అంచును పచ్చి అంచుతో కలిపి కుడతారు. అతుకు ఎట్లా పుడుతుందో తెలిసినవాడే కావలసినచోట దానిని పుట్టించగలడు. పచ్చి తలానికి పచ్చి తలం ఎదురైతే ఏమగునో, ఎలిస్ సూత్రానికి హద్దు ఎక్కడ ఉన్నదో కూడా ఈ చికిత్స చూపుతున్నది.

కాబట్టి అతుకులన్నిటినీ అణచివేసే మందు దొరికినా, కుక్కకు అది వరమని తొందరపడి చెప్పరాదు. కావలసినది అతుకు లేని కడుపు కాదు. అక్కరలేని చోట అతుకు లేని కడుపు.

చేతిలో ఉన్న నివారణ

మన దేశంలో ఈ విషయానికి ఉన్న ప్రాముఖ్యం ఖరీదైన పొరలతో ముడిపడినది కాదు. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలోని వీధికుక్కలు సుమారు 1 కోటి 53 లక్షలు. వీటి సంతాన నియంత్రణకు 2001లో కేంద్రప్రభుత్వం నియమాలు చేసినది. 2023లో వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చినవి. ఆడకుక్కలకు జరిగే శస్త్రచికిత్సలో సాధారణంగా అండాశయాలను, గర్భాశయాన్ని తొలగిస్తారు. ఇంత విరివిగా కుక్కల కడుపులు కోసే సందర్భం మరొకటి లేదు.

ఈ కోతలో రక్తనాళాల మొదళ్లను, గర్భాశయపు మొండిని దారంతో బిగించి కట్టక తప్పదు. బిగించిన కట్టుకు అవతలి ముక్కకు రక్తం అందదు. ఎలిస్ చెప్పిన ఆకలిగొన్న కణజాలం ఇదే. కాబట్టి అక్కడ కొంత అతుకు రావటం సహజం. ఆ మొండి ముక్క పొడవుగా మిగిలినా, కట్టిన దారం శరీరంలో కరగని పట్టు, నూలు వంటి పేనిన దారమైనా, దాని పోగులలో సూక్ష్మజీవులు చేరినా, సహజమైన అతుకు కాస్తా గడ్డగా పెరుగుతుంది. అది మూత్రాశయానికి అంటుకొంటే మూత్రం నిలవదు. పెద్దపేగుకు అంటుకొంటే మలబద్ధకం. మూత్రనాళాన్ని చుట్టుకొంటే ఆ వైపు మూత్రపిండం ఉబ్బి చెడిపోతుంది. పొరపాటున లోపల మిగిలిన గాజుగుడ్డ ముక్క ఇంకా పెద్ద అతుకులను తెస్తుంది. ఇవన్నీ పశువైద్య గ్రంథాలలో నమోదైన ఉపద్రవాలు.

వీటికి నివారణ సీసాలో లేదు. కణజాలాన్ని వేళ్లతో నలపకుండా పట్టుకొనటం; పేగును పొడిగుడ్డతో తుడవక, ఉప్పునీటితో తడిపిన గుడ్డతో కప్పి ఉంచటం; రక్తస్రావాన్ని పూర్తిగా ఆపటం; కట్టులోకి అవసరానికి మించి కణజాలాన్ని తీసుకొనకపోవటం; కరిగిపోయే దారం వాడటం; లోపల పెట్టిన గుడ్డలను మూసేముందు లెక్క చూసుకొనటం; చీము పట్టకుండా శుభ్రత పాటించటం. చేతితొడుగుల పొడి సంగతి కూడా ఇక్కడ చెప్పవలెను. తొడుగు సులభంగా ఎక్కటానికి చల్లే పిండిపొడి కడుపులో పడి గడ్డలకు, అతుకులకు దారితీస్తుందని చాలకాలంగా తెలుసును. అమెరికాలో 2016లో నిర్ణయించి 2017 జనవరినుండి పొడిగల శస్త్రచికిత్స తొడుగులను నిషేధించినారు. పొడి లేని తొడుగు దొరకనిచోట, తొడుగును తొడిగిన తరువాత శుభ్రమైన ఉప్పునీటితో బాగుగా కడుగుకొనటం ఎవరికైనా సాధ్యమే.

ఇక మూడవ ప్రశ్న, ఎంతకాలం చూసినారు అన్నది, ఈ కుక్కల విషయంలో మరీ పదునైనది. శస్త్రచికిత్స, టీకా అయిన తరువాత కుక్కను పట్టిన ప్రాంతంలోనే తిరిగి వదలటం ఈ కార్యక్రమపు సాధారణ పద్ధతి. పైగాయం మానేవరకే దానిని చూసేవారుంటారు. మూడు నెలలకో, సంవత్సరానికో దాని మూత్రపిండం ఉబ్బితే ఎవరికి తెలుస్తుంది? ఇంటికుక్కకు యజమాని ఉన్నాడు; అది తిండి మానితే వైద్యుని దగ్గరకు తీసుకొనిపోతాడు. వీధికుక్క ఒక మూలకు పోయి పడుకొంటుంది. అది ఏ లెక్కలోకీ రాదు. కనుక ‘ఇన్ని కుక్కలకు చేసినాము, ఉపద్రవాలు లేవు’ అనే మాట విన్నప్పుడు, ఉపద్రవాలు లేవా, చూసినవారు లేరా అని అడగవలెను. ఇది ఆ శస్త్రచికిత్సను వద్దనటం కాదు. కుక్కకాటును, రేబీస్‌ను అదుపులో పెట్టటానికి అది అవసరమే. చేసినవాటిలో కొద్ది కుక్కలనైనా గుర్తుపెట్టి, కొన్ని నెలల తరువాత పరీక్షించే ఏర్పాటు ఉంటే, అప్పుడు తెలిసే సత్యం ఏ కొత్త జిగురు కంటెను విలువైనది.

ముగింపు

అతుకుల నివారణ చరిత్రను సమీక్షిస్తే రెండు విషయాలు తేలుతున్నవి. ఒకటి: మిక్కిలి నమ్మకంతో చేసిన పని – పచ్చి గాయాన్ని కుట్టి మూయటం – ఏ హాని తొలగించవలెనని చేసినారో ఆ హానినే పెంచినది. ఒక సాదా ప్రయోగం దానిని బయటపెట్టినది. రెండు: సులభంగా లెక్కపెట్టగలదానిని లెక్కపెట్టి, కష్టంగా లెక్కపెట్టవలసినదానిని వదిలివేస్తే మందు నిజంకంటె పెద్దదిగా కనిపిస్తుంది. అతుకుల సంఖ్య సులభమైన లెక్క. జంతువు తిన్నదా, నడిచినదా, బాధ లేకుండా బతికినదా అన్నది కష్టమైన లెక్క.

తరగతిలో ఉపాధ్యాయులు ఈ ఉదాహరణను జీవశాస్త్ర పాఠంగానే గాక, ప్రయోగ పద్ధతికి పాఠంగా కూడా వాడుకొనవచ్చును. పత్రికలో కొత్త మందును గురించిన వార్త వచ్చినప్పుడు, ఏ జంతువులో, దేనిని లెక్కపెట్టి, ఎంతకాలం చూసి ఈ మాట అంటున్నారు అని విద్యార్థిచేత అడిగించవలెను. నోరులేని జంతువు తన బాధను చెప్పలేదు. దాని తరఫున ఈ మూడు ప్రశ్నలు వేయవలసినవారు మనుషులే.